వస్తాదు అంటే గురువే: కలియుగ భీముడు కోడి రామ్మూర్తి జీవితం

ఉర్దూలో ఉస్తాద్ అంటే గురువు. సంగీతం నేర్పేవాడైనా, కుట్టుపని నేర్పేవాడైనా, కుస్తీ నేర్పేవాడైనా ఉస్తాదే. ఆ మాట తెలుగు పల్లెల్లోకి వచ్చి వస్తాదు అయింది. మొదట్లో సాము గరిడీ నేర్పే పెద్దాయన్నే వస్తాదు అనేవారు. రానురాను అర్థం జారిపోయింది. ఇప్పుడు వస్తాదు అనగానే జనం కళ్ల ముందు మెదిలేది కండలు తిరిగిన ఒళ్లు, మెలేసిన మీసం. నేర్పడం అన్న సంగతి వెనక్కి పోయి, బలం ఒక్కటే ముందుకొచ్చింది.

ఉత్తరాంధ్ర కన్న కోడి రామ్మూర్తి నాయుడు విషయంలోనూ ఇదే జరిగింది. ఛాతీ మీద ఏనుగును మోసిన మనిషిగా, ఇనుప గొలుసులు తెంచిన మనిషిగా, కదులుతున్న మోటారు కార్లను పట్టి ఆపిన మనిషిగా ఆయన తెలుగువాళ్లందరికీ తెలుసు. కలియుగ భీముడంటే చిన్నపిల్లలు కూడా పేరు చెప్పేస్తారు. అయితే వాటన్నిటికీ ముందు ఆయన విజయనగరంలో బడిపిల్లలకు కసరత్తు నేర్పిన మాస్టారు. ఆ ఉద్యోగం కోసం మద్రాసు వెళ్లి చదువుకుని, సర్టిఫికెట్టు తెచ్చుకున్న మనిషి. ఆయన జీవితంలో జనం పెద్దగా పట్టించుకోని భాగం ఇదే. ఈ రోజు ఏ స్కూలైనా, ఏ కాలేజీ అయినా ఒక వ్యాయామ శిక్షకుణ్ణి పెట్టుకోవాలంటే తెలుసుకోవాల్సిన పాఠం కూడా ఇక్కడే ఉంది.

వీరఘట్టం పిల్లాడు

రామ్మూర్తి 1880ల తొలినాళ్లలో వీరఘట్టంలో పుట్టారు. తండ్రి పేరు వెంకన్న నాయుడు. ఆయన పుట్టినప్పుడు ఆ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. జిల్లాలు ఎన్ని మారినా ఆయన్ను శ్రీకాకుళం వాళ్లు శ్రీకాకుళం వాడంటారు, విజయనగరం వాళ్లు విజయనగరం వాడంటారు. ఇద్దరి మాటా నిజమే. పుట్టింది అక్కడ, తయారైంది ఇక్కడ.

చిన్నప్పుడే తల్లి పోయింది. తల్లి లేని పిల్లాడు ఇంట్లో కుదురుగా ఉంటాడా? చదువు మీద కంటే ఊరి చెరువు గట్టు మీద, కుస్తీ మీద మనసు పోయింది. తెల్లారకముందే లేచి చెరువు దగ్గరికి పోయి కసరత్తు చేసేవాడని, పెద్దవాళ్లతో కుస్తీకి దిగేవాడని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అల్లరి చేయి దాటేసరికి తండ్రి అతన్ని విజయనగరం పంపేశారు. అక్కడ పినతండ్రి నారాయణస్వామి పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరు. పోలీసు ఇంట్లో ఉంటే కుర్రాడు దారిలో పడతాడని ఆ తండ్రి అనుకుని ఉంటారు. పినతండ్రి అతన్ని బళ్లో వేశారు. దాంతోపాటు వ్యాయామశాలకు వెళ్లడానికి కూడా అడ్డు చెప్పలేదు. పిల్లాడి ఒంట్లో ఉన్న దూకుడును అణిచెయ్యకుండా దానికో దారి చూపించారు. రామ్మూర్తికి దొరికిన మొదటి మంచి శిక్షకుడు ఆ పినతండ్రే అనుకోవచ్చు.

విజయనగరం తాలింఖానాలు

ఆ రోజుల్లో విజయనగరం చదువుల ఊరు. 1857లో బడిగా మొదలైన మహారాజా వారి విద్యాసంస్థ 1879లో కాలేజీ అయింది. గురజాడ అప్పారావు అక్కడే పాఠాలు చెప్పారు. ఒక పక్క ఇంగ్లీషు చదువు, ఇంకో పక్క సంగీతం, హరికథ. ఈ రెండిటితోపాటు మూడో సంప్రదాయం ఒకటుండేది. అది తాలింఖానా.

తాలింఖానా అన్న మాట కూడా ఉర్దూ నుంచి వచ్చిందే. తాలీమ్ అంటే విద్య, శిక్షణ. తాలీమ్‌ఖానా అంటే నేర్పే చోటు. కుస్తీ, పహిల్వాన్ లాంటి మాటలు కూడా ఫార్సీ, ఉర్దూల దారిలో తెలుగులోకి వచ్చి ఇక్కడి మట్టిలో కలిసిపోయాయి. ఉత్తరాంధ్రకు ఈ భాషతో పరిచయం కొత్తేమీ కాదు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో శ్రీకాకుళం ఫౌజ్‌దారుల కేంద్రం. మొదటి ఫౌజ్‌దారు షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ ఆ ఊళ్లో ఉంది. ఫౌజులున్న చోట కసరత్తు ఉంటుంది, కసరత్తు ఉన్న చోట దాన్ని నేర్పే ఉస్తాదులుంటారు. వాళ్ల మాటలే తాలింఖానాల్లో మిగిలాయి. అక్కడ గోదాలోకి దిగేవాడు హిందువా, ముస్లిమా అన్నది ఎవరూ అడిగేవారు కాదు. గోదా మట్టికి ఆ తేడా తెలీదు.

తాలింఖానా పద్ధతి సాదాగా ఉంటుంది. పొద్దున్నే దండీలు, బస్కీలు. తర్వాత గదలు, జోడీలు తిప్పడం. ఆ తర్వాతే కుస్తీ. కొత్తగా వచ్చిన పిల్లాణ్ణి మొదటి రోజే గోదాలోకి దింపరు. నెలల తరబడి మట్టి తవ్వించి, నీళ్లు చల్లించి, దండీలు తీయించి, ఒళ్లు గట్టిపడ్డాకే పట్టు నేర్పుతారు. ఎవడికి ఎంత బరువు, ఎవడికి ఎన్ని దండీలు అన్నది వస్తాదు చూసి చెబుతాడు. కాగితం మీద రాసుకోకపోయినా ప్రతి కుర్రాడి లెక్కా ఆయన బుర్రలో ఉంటుంది. రామ్మూర్తి బలం ఈ క్రమశిక్షణలో పెరిగిందే. ఇరవై ఒక్కేళ్లకే ఛాతీ మీద టన్నున్నర బరువు మోసేవాడని, తర్వాత దాన్ని రెట్టింపు చేశాడని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. ఏ అంకె అయినా ఒక్క రోజులో రాదు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతేనే అది సాధ్యం.

సైదాపేట చదువు, డ్రిల్లు ఉద్యోగం

తాలింఖానాలో పేరొచ్చిన కుర్రాడు అక్కడితో ఆగిపోవచ్చు. జాతరల్లో కుస్తీ పట్టి, జమీందార్ల దగ్గర బహుమానాలు తీసుకుని బతికేయొచ్చు. రామ్మూర్తి ఆ దారిలో పోలేదు. మద్రాసు దగ్గర సైదాపేటలో ఏడాది పాటు వ్యాయామ శిక్షణ తీసుకున్నారు. సైదాపేట అప్పట్లో ప్రెసిడెన్సీ మొత్తానికీ ఉపాధ్యాయులను తయారుచేసే చోటు. వ్యాయామ విద్య కోసం ప్రత్యేకంగా వైఎంసీఏ కాలేజీని హ్యారీ క్రో బక్ మద్రాసులో మొదలుపెట్టింది 1920లో. దానికి చాలా ఏళ్ల ముందే వీరఘట్టం కుర్రాడు ఈ పనికి చదువు కావాలని గుర్తించి మద్రాసు బండెక్కాడు.

తిరిగొచ్చాక తాను చదువుకున్న విజయనగరంలోనే హైస్కూలు వ్యాయామ శిక్షకుడిగా చేరారు. ఆ కాలంలో డ్రిల్లు మాస్టారంటే బడిలో చివరి కుర్చీ. చాలాచోట్ల ఫౌజులో పనిచేసి దిగిపోయిన హవల్దారును పెట్టుకునేవారు. పిల్లల్ని వరసలో నిలబెట్టి, ఎడమ కుడి అనిపించి, చేతులు పైకీ కిందకీ ఆడించి పంపేస్తే డ్యూటీ అయిపోయినట్టే. రామ్మూర్తి దగ్గర మూడు సరుకులున్నాయి. ఒకటి తాలింఖానా అనుభవం. రెండోది సైదాపేట సర్టిఫికెట్టు. మూడోది చూడగానే ఎవరైనా తలాడించే ఒళ్లు.

ఈ మూడిట్లో చూసేవాళ్ల కంటికి ముందు ఆనేది ఒళ్లే. ఆ రోజుల్లోనే కాదు, ఇప్పుడూ అంతే. జిమ్ములో ట్రైనర్‌ను పెట్టుకునేటప్పుడు, కాలేజీలో పీడీ పోస్టు ఇచ్చేటప్పుడు, అకాడమీలో కోచ్‌ను తీసుకునేటప్పుడు మనుషులు మొదట చూసేది అతని భుజాలు. ఇంత ఒళ్లు పెంచినవాడు పిల్లల్ని కూడా ఇలాగే తయారుచేస్తాడులే అనుకుంటారు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. తన ఒళ్లు పెంచుకోవడం ఒక విద్య. నలభై మంది పిల్లల్లో నీరసంగా ఉన్నవాణ్ణి, లావుగా ఉన్నవాణ్ణి, మోకాలు నొప్పున్నవాణ్ణి ఎవరికి తగ్గట్టు వాళ్లను ముందుకు నడపడం ఇంకో విద్య. మొదటిది వచ్చినవాడికి రెండోది వస్తుందన్న గ్యారంటీ ఏమీ లేదు.

ఈ ముక్క అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ వాళ్లకు చాలా ఆలస్యంగా అర్థమైంది. బరువులెత్తితే ఆటగాళ్లు బిగుసుకుపోతారని, వేగం తగ్గిపోతుందని అక్కడి పెద్ద కోచ్‌లు ఏళ్ల తరబడి నమ్మారు. 1969లో నెబ్రాస్కా యూనివర్సిటీ బాయ్డ్ ఎప్లీ అనే కుర్రాణ్ణి శక్తి శిక్షకుడిగా పెట్టుకుంది. అతను పోల్‌వాల్ట్ ఆడుతూ దెబ్బ తిన్నవాడు. హెడ్ కోచ్ బాబ్ డెవానీ పెట్టిన షరతు ఒక్కటే. ఆటగాళ్లలో ఒక్కడు నెమ్మదించినా ఉద్యోగం ఊడుతుంది. ఎప్లీ ఎంత బరువెత్తగలడన్నది డెవానీకి అక్కర్లేదు. తన పిల్లలు ఏమవుతారన్నదే కావాలి. 1970లో, 1971లో ఆ టీమ్ జాతీయ ఛాంపియన్ అయింది. ఆ తర్వాత పెద్ద కాలేజీలన్నీ అలాంటి శిక్షకుల కోసం వెతకడం మొదలుపెట్టాయి. ఇప్పుడు అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలు ఏ కాలేజీ స్టేడియంలోకి వెళ్లినా, ఆట మొదలవకముందు మైదానంలో ఆటగాళ్ల ఒళ్లు వేడెక్కించే శిక్షకుడు కనబడతాడు. విజయనగరం బళ్లో రామ్మూర్తి చేసిన పని స్వభావం అదే, కాలం మాత్రం అంతకు ఆరు దశాబ్దాల ముందు.

బడి విడిచి డేరాలోకి

ఆ పనిలో రామ్మూర్తి ఎక్కువ కాలం ఉండలేదు. విజయనగరంలో పొట్టి పంతులు అనే మిత్రుడి తోడ్పాటుతో సర్కస్ కంపెనీ పెట్టారు. తుని రాజావారి ప్రోత్సాహం దొరికింది. తెలుగు జిల్లాల్లో డేరా వేసిన చోటల్లా జనం తిరునాళ్లలా వచ్చారు. తర్వాత మద్రాసు, అక్కడ నుంచి దేశమంతా.

బళ్లో కసరత్తు నేర్పుతూ సర్కస్‌తో ముడిపడిన మాస్టారు ఆ కాలంలో ఇంకొకాయన ఉన్నారు. మలబారు తీరంలోని తలస్సేరిలో కీలేరి కుంజికణ్ణన్ మిషన్ స్కూల్లో జిమ్నాస్టిక్స్ నేర్పేవారు. విష్ణుపంత్ ఛత్రే 1880లో మొదలుపెట్టిన గ్రేట్ ఇండియన్ సర్కస్ ఆ ఊరొచ్చాక వాళ్లకు కళాకారులు కావాల్సి వచ్చింది. కుంజికణ్ణన్ తాను డేరాలోకి దూకలేదు. ఊళ్లోనే ఉండి పిల్లలకు నేర్పారు. 1901లో సర్కస్ శిక్షణశాల పెట్టారు. ఆయన చేతుల్లో తయారైన పిల్లలు, వాళ్ల శిష్యులు కలిసి దేశంలోని సర్కస్ కంపెనీలను నింపేశారు. ఇవాళ్టికీ భారతీయ సర్కస్ అంటే తలస్సేరి గుర్తొస్తుంది. ఆ మాస్టారి ముఖం మాత్రం కేరళ దాటితే ఎవరికీ తెలీదు.

రామ్మూర్తి కథ దీనికి తలకిందులు. ముఖం దేశమంతా తెలిసింది, విద్య ఆయనతోనే ఆగిపోయింది. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న ప్రశ్న కాదు ఇది. ఒకే ఉద్యోగంలో ఉన్న ఇద్దరు రెండు దారులు పట్టారు. ఒకరు నేర్పే దారి, ఒకరు చూపించే దారి. రామ్మూర్తి చూపించే దారి పట్టడానికి ఆ కాలంలో పెద్ద కారణమే ఉంది.

ఏనుగు కింద ఊపిరి

ఇంగ్లీషు దొరలు ఆ రోజుల్లో భారతీయుల ఒంటి గురించి చాలా చులకనగా రాసేవారు. మెతక మనుషులని, తిండి బలం లేనివాళ్లని, పాలించే జాతి కాదని పుస్తకాల్లో, పత్రికల్లో అచ్చేసేవారు. చదువుకున్న భారతీయుడికి ఆ మాట లోపల గుచ్చుకునేది. 1904-05లో యూరప్ వస్తాదు యూజిన్ శాండో మన దేశంలో ప్రదర్శనలిస్తే నగరాల్లో జనం ఎగబడ్డారు. ఒళ్లు పెంచాలంటే శాండో డంబెల్సే కావాలన్న మోజు పుట్టింది. ఇంతలో 1905లో వందేమాతరం ఉద్యమం లేచింది. 1910లో గామా పహిల్వాన్ లండన్ వెళ్లి యూరప్ మల్లులను మట్టి కరిపించాడు. సరిగ్గా ఆ వేడిలో రామ్మూర్తి డేరా ఊరూరా తిరిగింది. ఆయన శాకాహారి. పెళ్లి చేసుకోలేదు. శాండో డంబెల్స్ లేవు. దండీలు, బస్కీలు, ప్రాణాయామం, ఇవే ఆయన సామాను. అలాంటి మనిషి ఏనుగు కింద పడుకుని నవ్వుతూ లేచొస్తే, చూసినవాడికి అది వినోదం ఒక్కటే కాదు. తన ఒంటి మీద తనకు నమ్మకం తిరిగొచ్చేది.

ఆ ప్రదర్శనల వెనక ఉన్న విద్య కూడా తెలుసుకోవాల్సిందే. ఏనుగు ఎక్కేది నేరుగా ఛాతీ మీదకు కాదు. పడుకున్న మనిషి మీద బలమైన చెక్క పలక వేస్తారు. పలక బరువును ఒళ్లంతా పంచుతుంది, కొంత నేల మీదకు దింపుతుంది. అయినా రెండు మూడు టన్నుల జంతువు బరువులో మనిషి మీద పడే వాటా తక్కువేం కాదు. దాన్ని మోసేది ఊపిరి. నిండుగా గాలి పీల్చి, గొంతు బిగించి పట్టి ఉంచితే రొమ్ము గాలి నింపిన ఫుట్‌బాల్ బ్లాడరులా గట్టిపడుతుంది. ఆ గాలి ఒక్క క్షణం ముందు వదిలితే పక్కటెముకలు విరుగుతాయి. ఈ రోజు వెయిట్‌లిఫ్టర్లు బరువు ఎత్తే ముందు పెద్ద ఊపిరి తీసి, పొట్ట బిగించేది కూడా ఈ సూత్రంతోనే. గొలుసులు తెంచడంలోనూ అంతే. గొలుసు చుట్టించుకుని ఊపిరి బిగబట్టి కండను ఉబ్బిస్తే, ఎక్కడో ఒక లింకు వీడుతుంది. దీన్నే ఆయన వాయుస్తంభన అనేవారు. ఊపిరి బిగబట్టి నీళ్లలో ఉండడాన్ని జలస్తంభన అనేవారు.

మోటారు కార్లు ఆపడం కూడా ఇలాంటిదే. ఆనాటి కార్ల ఇంజన్లకు ఇప్పటి కార్లంత శక్తి లేదు. కదలకముందే గొలుసు బిగించి, కాళ్లు నేలకు తన్నిపెట్టి నిలబడితే చక్రాలు జారుతాయి. ఇదంతా చెప్పడం రామ్మూర్తిని తక్కువ చేయడానికి కాదు. విద్య తెలిసినంత మాత్రాన ఎవరైనా చేసేయలేరు. ఏళ్ల సాధన, కదలని ధైర్యం, ఎంతవరకు మోయగలమో తెలిసిన తెలివి ఉంటేనే అది కుదురుతుంది. వైస్రాయ్ లార్డ్ మింటో కూర్చున్న కారునే కదలకుండా ఆపారన్న కథ ఉత్తరాంధ్రలో తాతల కాలం నుంచి నడుస్తోంది.

బిరుదులు, దేశాలు

పుణెలో లోకమాన్య తిలక్ ఆయన్ను ఆదరించి మల్లమార్తాండ బిరుదు ఇచ్చారంటారు. అలహాబాద్‌లో మదన్ మోహన్ మాలవీయ ఆయనకు అండగా నిలిచారంటారు. లండన్‌లో ఐదో జార్జి చక్రవర్తి ముందు ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులిస్ అనిపించుకున్నారని, స్పెయిన్‌లో ఎద్దుతో తలపడి కొమ్ములు వంచారని ఆయన జీవితగాథల్లో ఉంటుంది. ఫ్రాన్స్, జర్మనీ, జపాన్, బర్మా పేర్లు కూడా వినిపిస్తాయి. ఇలాంటి మనిషి చుట్టూ కథలు పెరగడం సహజమే. కథల్ని తీసేసినా మిగిలేది చిన్నది కాదు. వీరఘట్టం నుంచి బయల్దేరిన ఒక తెలుగువాడు రేడియో లేని కాలంలో ఉత్తర భారతంలో ఇంటింటి పేరయ్యాడు. గట్టివాడైన పిల్లాణ్ణి చూస్తే వీడు రామ్మూర్తి అవుతాడనే మాట హిందీ ప్రాంతాల్లో పుట్టింది.

అక్కడ ఆయన్ను ప్రొఫెసర్ రామ్మూర్తి అనేవారు. ఆ కాలంలో సర్కస్‌లో, ఇంద్రజాలంలో పేరున్నవాళ్లకు ప్రొఫెసర్ అని తగిలించుకోవడం మామూలే. రామ్మూర్తి విషయంలో మాత్రం ఆ మాటకు అర్హత ఉంది. నిజంగా బడిలో పనిచేసి, నేర్పడం ఎలాగో నేర్చుకుని వచ్చినవాడాయన. మన పద్ధతి కసరత్తు, మన ఊపిరి సాధన చాలని ప్రదర్శనల ద్వారా దేశానికి చెప్పారు. అదీ ఒక రకం పాఠమే. అయితే డేరాలో పాఠానికీ బడిలో పాఠానికీ తేడా ఉంది. డేరాలో జనం చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. బళ్లో పిల్లాడు రేపు మళ్లీ వస్తాడు, నిన్నటికంటే ఒక దండీ ఎక్కువ తీస్తాడు. రామ్మూర్తి గురించి జనం చెప్పుకునే కథల్లో ఏనుగుంటుంది, కారుంటుంది, రాజులుంటారు. విజయనగరం బళ్లో ఆయన ముందు వరసలో నిలబడిన పిల్లలుండరు.

చివరి రోజులు

సంపాదించింది ఆయన దాచుకోలేదు. దానాలకు, దేశం పనులకు చాలా పోయిందని చెబుతారు. సర్కస్ అన్నది జంతువుల తిండి, మనుషుల జీతాలు, రైలు ఛార్జీలు రోజూ మింగే వ్యాపారం. యజమాని ఒళ్లే దానికి పెట్టుబడి. ఆ ఒంటికే దెబ్బ తగిలింది. కాలి మీద రాచపుండు లేచింది. చివరికి కాలు తీసేయాల్సి వచ్చింది. మత్తుమందు వద్దని, ప్రాణాయామంతో నొప్పి ఓర్చుకుని ఆపరేషన్ చేయించుకున్నారన్నది ఆయన గురించి చెప్పే ఆఖరి సాహస కథ.

ఆఖరి కాలం ఒడిశాలోని బలంగీర్‌లో గడిచింది. అక్కడి రాజసంస్థానం ఆదరణలో ఉండేవారు. 1942 జనవరిలో, సంక్రాంతి రోజుల్లో, కన్నుమూశారు. అరవై ఏళ్లు అటూ ఇటూ. ఏనుగును మోసిన మనిషి చివరికి ఒక కాలు లేకుండా, సొంతూరికి దూరంగా పోయారు.

బలాన్ని నమ్ముకున్న ప్రతి జీవితానికీ ఈ దశ వస్తుంది. కండ కరుగుతుంది. పుట్టు బలమైనా, సాధన బలమైనా వయసు ముందు ఆగదు. ఆగేది ఒక్కటే, పిల్లలకు నేర్పి వదిలిన విద్య. హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్‌ను చూస్తే ఇది తెలుస్తుంది. ఆయన కూడా బడిపంతులే. హైదరాబాద్ బళ్లలో పాఠాలు చెబుతూ, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమ్‌కు కోచ్ అయ్యారు. ఆ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లింది. 1962లో జకార్తా వెళ్లేనాటికి ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. ఆయన మైదానంలో ఎన్ని గోల్స్ కొట్టారన్నది ఎవరూ అడగరు. ఆయన పిల్లలు ఏం సాధించారన్నదే లెక్క. ఆ లెక్క ఆయన పోయాక కూడా చెరగలేదు.

శ్రీకాకుళంలో మిగిలింది

విశాఖ బీచ్ రోడ్డులో రామ్మూర్తి విగ్రహం ఉంది. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఇవి గౌరవాలు. వీటికంటే దగ్గరగా ఆయన్ను గుర్తుచేసేవి ఆ రెండు జిల్లాల్లోని చిన్న ఊళ్లు. ఆమదాలవలస పక్కనున్న ఊసవానిపేటలో ఒక చిన్న వ్యాయామశాలలో బరువులెత్తడం నేర్చుకున్న కరణం మల్లేశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆమే. ఆ ఏడాది మన దేశానికి వచ్చిన పతకం కూడా అదొక్కటే. విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అనే పల్లెలో ఇంటింటికీ వెయిట్‌లిఫ్టరు ఉంటారన్న పేరు. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం సాధించింది. ఆ పిల్లల వెనక పొద్దున్నే లేచి, బార్ తుడిచి, పేదింటి పిల్లలకు గుడ్డో పాలో దొరికేలా చూసి, ఎవరికి ఎంత బరువో లెక్క పెట్టిన శిక్షకులున్నారు. వాళ్ల ఒళ్లు చూడటానికి ఎవరూ టిక్కెట్టు కొనరు. వాళ్లే అసలైన అర్థంలో వస్తాదులు.

ఏటా స్కూళ్లలో, కాలేజీల్లో పీఈటీ, పీడీ పోస్టులు పడుతుంటాయి. అకాడమీలు కోచ్‌లను వెతుకుతుంటాయి. తల్లిదండ్రులు జిమ్ముల చుట్టూ తిరుగుతుంటారు. అప్పుడు అడగాల్సిన ప్రశ్నలు కొన్నే. ఇంతకు ముందు నేర్పిన పిల్లలు ఇప్పుడెలా ఉన్నారు? వాళ్లలో ఎంతమంది దెబ్బలు తగిలి ఆట మానేశారు? అందరికంటే నీరసంగా ఉన్న పిల్లాడు ఏడాదిలో ఎంత ముందుకెళ్లాడు? అమ్మాయిలు భయం లేకుండా ఆయన దగ్గరకి వెళ్తున్నారా? త్వరగా ఒళ్లు రావడానికి సూదులు, మందులు సలహా ఇచ్చేవాడు కాదు కదా? చదువుకున్న సర్టిఫికెట్టు చూపించగలడా? ఇవన్నీ కుదిరాక భుజాల వైపు చూసినా తప్పులేదు. రామ్మూర్తికి భుజాలూ ఉన్నాయి, సైదాపేట చదువూ ఉంది. జనం భుజాలనే చూశారు. ఆయన కూడా వాటినే చూపిస్తూ పోవాల్సి వచ్చింది.

విజయనగరం ఆయన్ను డ్రిల్లు పీరియడ్‌లోనే ఇంకొన్నేళ్లు ఉంచుకోగలిగి ఉంటే, ఆయన జీతాన్ని, హోదాను లెక్కల మాస్టారితో సమానంగా చూసి ఉంటే, ఉత్తరాంధ్రకు తలస్సేరి లాంటి విద్యాకేంద్రం ఒకటి వందేళ్ల కిందటే ఉండేదేమో. ఇప్పటికీ చాలా బళ్లలో డ్రిల్లు పీరియడ్ అంటే సిలబస్ పూర్తికాని మాస్టారు ఎత్తుకెళ్లే పీరియడ్. ఆ ఒక్క గంటను పిల్లలకు తిరిగిచ్చి, దాన్ని నేర్పే మనిషిని స్టాఫ్ రూములో మిగతావాళ్ల పక్కన కూర్చోబెట్టడం, స్టేడియానికి పేరు పెట్టడం కంటే కోడి రామ్మూర్తికి దగ్గరి నివాళి అవుతుంది.